పల్లె ప్రసూతి వైద్యమును మన మంత్రసానులును



మన నాయీబ్రాహ్మణ కులచరిత్రమును వ్రాయువారు దేవాలయములలోని మంగళవాద్యమును, ధన్వంతరి సంప్రదాయమును, క్షౌరవృత్తి యందలి నేర్పును ప్రశంసించుట వాడుక. అవి యన్నియు ప్రశంసార్హములే. కాని మన యిండ్లలోని వృద్ధస్త్రీలు తరతరములుగా జేసిన మహోపకారమొకటి మన వ్రాతలలో రెండు మూడు వాక్యములతో ముగిసిపోవుచున్నది. అది పురుడు పోయు పని. తెలుగుదేశమున నెన్నియో పల్లెలలో బిడ్డ భూమిమీద బడినప్పుడు ఆ బిడ్డను మొదట తాకిన చేయి మన స్త్రీ చేయి. ఆ చేతి చరిత్రమును జెప్పుటయే యీ వ్యాసమున కుద్దేశము. అందు మన గొప్పయు గలదు. మన లోపమును గలదు. మనకు జరిగిన యన్యాయమును గలదు. ఈ మూటిని సమముగా జెప్పినగాని రాబోవు తరమువారికి దానివలన ప్రయోజనము లేదు.

పూర్వస్థితి

పూర్వము పల్లెలలో వైద్యశాల యనునది లేదు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి మున్నగువారితో పాటు మనవాడును గ్రామమునకు గావలసిన ఆయగాండ్రలో నొకడు. వాని పొదిలో కత్తి, కత్తెర, గోరుగల్లు మాత్రమే గాక కురుపులు కోయుటకును, చెడు నెత్తురు తీయుటకును వలసిన సాధనములుండెడివి. విఱిగిన యెముకకు కట్టు కట్టుట, జలగలు పట్టించుట, పుండ్లకు మందు వేయుట వాని పనులే. తమిళదేశమున మన వృత్తివారికి మరుత్తువర్, అనగా వైద్యులు, అను పేరు నేటికిని గలదు. పురుషుడు పుండ్లను జూడగా, వాని తల్లియో భార్యయో పురుళ్ళను జూచెడిది. ఎడ్గార్ థర్‌స్టన్ దొర 1909లో ప్రకటించిన దక్షిణ హిందూదేశ కులముల గ్రంథమునందును క్షౌరవృత్తివారి స్త్రీలు మంత్రసానులై యుండుట చెప్పబడినది. మన స్త్రీలొక్కరే యీ పని చేసిరనుట సరిగాదు. కొన్ని తావుల నితర కులముల వృద్ధస్త్రీలును జేసిరి. అయినను మంత్రసాని యనగానే అనేక గ్రామములలో మన యిల్లే జ్ఞప్తికి వచ్చెడిది.

ఈ సేవకు ప్రతిఫలమెట్టిది? సంవత్సరమున కొకసారి కళ్ళములో మేర. పురుడు పోసిన నాడు చేటెడు బియ్యము, పసుపు, కుంకుమ, ఒక పాత చీర. మగబిడ్డ పుట్టిన నధికము. ఆడబిడ్డ పుట్టిన తక్కువ. చేసిన పని యొక్కటే. మేలుకొన్న రాత్రి యొక్కటే. కూలి మాత్రము బిడ్డను బట్టి మాఱెడిది.

ఈ వ్యాసకర్త నాయనమ్మ నలువదేండ్లు పురుళ్ళు పోసెను. అర్ధరాత్రమున లాంతరు పట్టుకొని యెవరో వచ్చి తలుపు తట్టెడివారు. చినుకులు పడుచున్నను, పొలములో కాలువ పొంగినను ఆమె వెళ్ళకుండుట యెఱుగదు. పగలు "ఏమే" యని పిలిచెడి యింటివారే ఆ రాత్రి "అమ్మా" యని పిలిచెడివారు. పురుడు వెళ్ళిన పదునొకండవ దినమున మరల "ఏమే" యనెడివారు. దీనిని జెప్పునప్పుడు ఆమె కోపగించెడిది గాదు, నవ్వెడిది. ఆ నవ్వునకు అర్థము మాకు పెద్దయైన పిమ్మటగాని తెలియలేదు.

కులాచారము పురిటిగదిని మైల యన్నది. మైలను ముట్టుటకు ఇంటివారు వెనుదీసిరి. కనుక మన స్త్రీ కావలసివచ్చెను. ఆమె నేర్పునకు గలిగిన గౌరవము కొంత. ఇతరులు తాకనిదానిని తాకుటచే గలిగిన తక్కువతనము కొంత. ఈ రెండును విడదీయరానివై పోయినవి. మన స్త్రీల విద్య పెరుగకపోవుటకు ఇదియే మొదటి కారణము. మైలపని యని తలచిన దానికి పాఠశాల పెట్టవలెనని యెవరికి తోచును?

మన లోపములు

ఇచట రెండు కఠినసత్యములను జెప్పక తప్పదు.

మొదటిది: అందఱి యిండ్లకును మనవారు పోయిరని చెప్పుట సత్యము గాదు. ఊరికి వెలుపలనున్న వాడలకు మన పురుషులు పొది పట్టుకొని పోలేదు. మన స్త్రీలును సామాన్యముగా పోలేదు. ఆ వాడలలోని వృద్ధస్త్రీలే తమవారికి తాము పురుళ్ళు పోసికొనిరి. పైవారు మనలను వాకిట నిలిపిరని మనము వగచుచున్నాము. మనమును మఱియొకరి వాకిటికి పోకుంటిమి. వైద్యమునందలి హెచ్చుతగ్గులు పట్టణమునకును పల్లెకును మధ్య మాత్రమే కాదు, ఒక పల్లెలోనే రెండు వీథుల మధ్య నుండెడివి. ఆ పాపములో మనకును పాలు గలదు.

రెండవది: పురిటిలో చనిపోయినవారి సంఖ్య మిక్కిలి యెక్కువ. బొడ్డును చేతికందిన కొడవలితోనో వెదురుబద్దతోనో కోసి, దానిపై బూడిద యద్దుట అనేక తావుల నాచారము. వారము దినములు గడచునప్పటికి బిడ్డ దవడ బిగిసి, పాలు త్రాగలేక, విల్లువలె వంగి చనిపోయెడిది. జనులు బాలగ్రహమనిరి. అది ధనుర్వాతము. తల్లికి మూడవ నాడో నాలుగవ నాడో జ్వరము వచ్చి పోయిన, ఆమె ఆయువు తీరెననిరి. అది సూతికాజ్వరము, చేతుల మాలిన్యముచే వచ్చునది. మా నాయనమ్మ శుచిలేనిది గాదు. ప్రతి పురుటి తరువాత తలంటుకొని స్నానము చేసి గాని ఇంటిలో నడుగిడెడిది గాదు. కాని, ఆ స్నానము పురుడు పోసిన తరువాత, ముందు గాదు. మైల తనకంటునని ఆమెకు నేర్పిరి. తన చేతినుండి తల్లికి చావంటునని యెవరును నేర్పలేదు.

సుశ్రుతుడు తన సంహితయందు పురిటిగదిలో గోళ్ళు తీసికొనిన నలుగురు పెద్దవయసు స్త్రీలుండవలెనని విధించెను. గోరుగల్లు మన పొదిలోనిదే గదా! శాస్త్రము శాస్త్రజ్ఞుల యొద్దను, పని పనివారి యొద్దను వేఱువేఱుగా నుండిపోయినందున ఆ సూక్ష్మము పల్లెకు జేరలేదు.

అయినను ఈ నేరమును చదువురాని స్త్రీలపై మాత్రమే మోపుట న్యాయము గాదు. వియన్నా నగరపు పెద్ద ఆస్పత్రిలో ప్రసూతిశాలలు రెండుండెడివి. ఒకటి వైద్యులును వైద్యవిద్యార్థులును జూచునది. రెండవది మంత్రసానులు జూచునది. 1840 తరువాతి సంవత్సరములలో వైద్యులు జూచిన శాలలో నూటికి సుమారు 10 మంది తల్లులు చనిపోగా, మంత్రసానుల శాలలో సుమారు నలుగురు చనిపోయిరి. శవములను కోసిన చేతులతోనే వైద్యులు పురిటిగదికి వచ్చుచుండుట దీనికి హేతువని సెమ్మెల్వెయిస్ అను వైద్యుడు కనుగొని, 1847లో చేతులు మందునీటితో కడుగుకొనవలెనని విధింపగా చావులు తగ్గినవి. తోడి వైద్యులాతని మాటను చాలకాలము నమ్మలేదు. మహావిద్వాంసులే యొప్పుకొనని సంగతిని మన పల్లెటూరి ముసలమ్మ యెట్లెఱుగును?

దొరతనమువారి కాలము

చెన్నపట్టణమున 1844లో ప్రసూతి ఆస్పత్రి వెలసెను. 1875లో చెన్నపురి వైద్యకళాశాల స్త్రీలను విద్యార్థినులుగా జేర్చుకొనెను. మేరీ షార్లీబు వారిలో నొకతె. ఆమె పూనికచే 1885లో ఘోషా స్త్రీలకును పైకులముల స్త్రీలకును వేఱుగా ఆస్పత్రి యేర్పడెను. ఆ సంవత్సరమే లేడీ డఫ్రిన్ పేర దేశస్త్రీల వైద్యసహాయనిధి యారంభమయ్యెను. గుంటూరిలో 1883లో వచ్చిన డాక్టరు అన్నా కూగ్లరమ్మ 1898లో ఆస్పత్రిని దెఱచెను. విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల వెలసెను. ఇవి యన్నియు మేలైన కార్యములే. కాని యీ యూళ్ళ పేరులను జూడుడు: చెన్నపట్టణము, గుంటూరు, విశాఖపట్టణము. నొప్పులు పడుచున్న స్త్రీని ఎడ్లబండిలో రాత్రియంతయు నడిపించినను వానిని జేరలేని పల్లెలు వేలకొలది గలవు.

మంత్రసానికి శిక్షణ నీయవలెనను తలంపు దొరతనమువారికి లేకపోలేదు. 1903లో లేడీ కర్జన్ విక్టోరియా రాణి జ్ఞాపకార్థము నెలకొల్పిన నిధి యందుకే. కాని సముద్రములో కాకిరెట్ట వలె ఆ ధనము దేశమున కేమూలకును చాలలేదు. పిమ్మట చట్టములు వచ్చినవి. 1914లో చెన్నపురి వైద్యుల రిజిస్ట్రేషను చట్టము. 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము. పట్టికలో పేరు చేరవలెనన్న శిక్షణ కావలెను, పత్రము కావలెను. చట్టము తప్పని యనజాలము. ప్రాణముతో గూడిన పనికి పరీక్ష యుండవలసినదే. కాని పరీక్ష పెట్టినవారు బడి పెట్టలేదు.

ఇంగ్లాండు దేశమున 1902లో మంత్రసానుల చట్టము చేసినప్పుడు, అప్పటికే ఒక యేడైనను నిజాయితీగా ఆ పని చేయుచున్న స్త్రీలను, చదువున్నను లేకున్నను, పట్టికలో జేర్చుకొని, వారిపై తనిఖీ నుంచి, క్రమక్రమముగా శిక్షితులను దెచ్చిరి. పాతవారిని మెట్టుగా జేసికొని క్రొత్తవారు పైకెక్కిరి. మన దేశమున మెట్టు తీసివేయబడెను, మేడ కట్టబడలేదు. మన స్త్రీ పట్టిక వెలుపల నిలిచెను. పట్టికలోని స్త్రీ పల్లెకు రాలేదు. పురుళ్ళు మాత్రము ఆగలేదు.

1924లో పానుగల్లు రాజాగారి మంత్రివర్గకాలమున చెన్నపురి ప్రభుత్వము పల్లెలలో కాపురముండి వైద్యము చేయు వైద్యులకు భత్యమిచ్చు పద్ధతిని బ్రవేశపెట్టెను. ఆ కాలముననే దేశీయ వైద్యపాఠశాలయు చెన్నపట్టణమున నేర్పడెను. వైద్యుని పల్లెకు బంపవలెనను నూహకు ఆ మంత్రివర్గమును తప్పక స్మరింపవలయును. కాని పల్లెలో నప్పటికే యున్న వైద్యకుటుంబములను గుర్తించి విద్య గఱపు యత్నము అంతగా సాగలేదు.

భోరు సంఘము లెక్కలు

1943లో సర్ జోసెఫ్ భోరు అధ్యక్షతను నియమింపబడిన ఆరోగ్య పరిశీలన సంఘము 1946లో నివేదిక సమర్పించెను. బ్రిటిషిండియాలో నాడు 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక శిక్షిత మంత్రసాని. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 162 మంది యేడాది నిండక మునుపే చనిపోయిరని 1937 లెక్క. వేయి ప్రసవములకు సుమారు 20 మంది తల్లులు, ఏటేట దేశమున రెండు లక్షలమంది, గర్భధారణ ప్రసవములచే చనిపోయిరని యంచనా.

అఱువది వేలమందికి ఒక్కతె! అనగా ఎన్నియో పల్లెల కొక్కతె. మిగిలిన పల్లెలలో పురుళ్ళు పోసిన దెవరు? పట్టికలో లేని మన నాయనమ్మలు. ప్రభుత్వపు లెక్కలలో వారు లేరు. పల్లె బ్రదుకులో వారు తప్ప మఱియెవరును లేరు. భోరు సంఘమువారును దీనిని గుర్తించి, చాలినంత మంది శిక్షితులు తయారగువఱకు దేశీయ మంత్రసానులకే శిక్షణ నీయవలెనని సూచించిరి.

స్వాతంత్ర్యానంతరము

1952లో సమాజాభివృద్ధి పథకముతో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు మొదలైనవి. కాలక్రమమున మైదానములో 5,000 మందికిని, కొండ ప్రాంతములలో 3,000 మందికిని ఒక ఉపకేంద్రము, అందొక నర్సమ్మ యను నియమ మేర్పడెను. పంచవర్ష ప్రణాళికల కాలమున మంత్రసానులను బిలిచి శిక్షణ నిచ్చిరి. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారము, మందుమాకు పూయని శుభ్రమైన బొడ్డు: ఇంతే పాఠము. మా నాయనమ్మ ఎనిమిది దినములు శిక్షణకు పోయి, సబ్బును బ్లేడును గల చిన్న పెట్టెతో తిరిగివచ్చెను. ఆ రాత్రి యామె అన్నము తినలేదు. "ఈ సబ్బు ముక్క ముప్పదేండ్ల క్రిందట ఇచ్చియుండిన ఎందఱు బ్రదికియుందురో" యని మాత్రము పలికెను. చనిపోయిన బాలింతల పేరులన్నియు ఆమెకు జ్ఞాపకమే. ఎవరు ఆమెను నిందింపకున్నను ఆమె తన్ను తాను నిందించుకొనెను. ఈ వ్యాసమును వ్రాయుటకు ఆ రాత్రియే కారణము.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకము వచ్చెను. ఆస్పత్రిలో ప్రసవించిన తల్లికి ధనసహాయము, ఊరూర ఆశా కార్యకర్త, మన రాష్ట్రమున ఆ యేటనే 108 బండి వచ్చినవి. దేశమున 1992-93లో నూటికి 26 కాన్పులు మాత్రమే ఆస్పత్రులలో జరుగగా, 2019-21 నాటికి సుమారు 89 జరిగినవి. తెలంగాణమున 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5. తల్లులలో ధనుర్వాతమును, పసిబిడ్డలలో ధనుర్వాతమును భారతదేశము నిర్మూలించినదని 2015లో ప్రకటింపబడెను. లక్ష ప్రసవములకు 2,000 మంది తల్లులు చనిపోయిన దేశమున, 2018-20 లెక్క ప్రకారము 97 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణమున 43. దీనిని తక్కువగా జూచువాడు కృతఘ్నుడు. మంత్రసాని వృత్తి పోయినదని విలపించువారు ఈ లెక్కలను ముందు చదువవలయును. వృత్తి పోయి తల్లులు బ్రదికిరి. మనకు సంతోషమే.

ఇంకను మిగిలినది

కాని పని ముగియలేదు. 2020లో దేశమున వేయికి 28 మంది శిశువులు చనిపోయిరి. పట్టణములలో 19, పల్లెలలో 31. తగ్గినది చావు, తగ్గవలసినంత తగ్గనిది అంతరము. మన్యపు కొండలలో దారిలేక గర్భిణులను డోలీలో మోసికొని పోవు వార్తలు వినబడుచునే యున్నవి. ఆస్పత్రులు దగ్గఱగా నున్న తావులలో మఱియొక చిక్కు పుట్టినది. 2019-21లో తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు కడుపుకోసి చేసినవి. దేశమంతట అవి 21.5 మాత్రమే. కోత ప్రాణరక్షకమే, అవసరములేని కోత పేదయింటికి అప్పు, తల్లికి బాధ. ఒకచోట చేయి అందక, మఱియొకచోట కత్తి ముందుగా నంది, రెండుచోట్లను పల్లెటూరి స్త్రీయే నష్టపోవుచున్నది.

దీనికి విరుగుడేమి? సహజమైన కాన్పును ఓపికతో కనిపెట్టుకొని యుండి, ప్రమాదలక్షణములను గుర్తించి, వేళకు వైద్యునికి అప్పగింపగల శిక్షిత స్త్రీ. 2017లో తెలంగాణమున నర్సులకట్టి ప్రత్యేకశిక్షణ యారంభమయ్యెను. 2018లో కేంద్రప్రభుత్వమును ప్రసూతి నర్సుల సేవకు మార్గదర్శకములను ప్రకటించెను. రాత్రియంతయు నొద్దనుండి నడుము నిమురుట, భయపడకుమని ధైర్యము చెప్పుట, పురుడు వెళ్ళువఱకు తల్లీబిడ్డలను కనిపెట్టుట: మా నాయనమ్మకు తెలిసిన విద్యయే యిది. ఆమెకు తెలియని శుభ్రత యిపుడు దానికి చేరినది. పోయిన వృత్తి శాస్త్రము నేర్చి, తెల్లచీర కట్టి మరల వచ్చుచున్నది. అందు మన కుమార్తె లుందురా యనునదే ప్రశ్న.

మన కర్తవ్యము

మనము కొంతకాలము మన నాయనమ్మల వృత్తిని దాచితిమి. సంబంధములు మాటాడునప్పుడు "మా అవ్వ మంత్రసాని" యని చెప్పుటకు సిగ్గుపడితిమి. చేటెడు బియ్యమునకు నూరి బిడ్డలను బ్రదికించిన స్త్రీని గూర్చి సిగ్గుపడవలసినవారు మనము గాదు.

ఈ మహాసభకు విచ్చేసిన పెద్దలకును, పోషకులకును మూడు విన్నపములు. ఒకటి: నర్సింగు విద్యలో జేరగోరు మన బాలికలకు, ముఖ్యముగా పల్లెలలోనివారికి, జీతములును వసతియు సమకూర్పవలయును. సన్మానములకును శాలువలకును జేయు వ్యయములో కొంత తగ్గించినను ఏటేట కొందఱు బాలికలు చదువగలరు. రెండు: ఇంకను జీవించియున్న మంత్రసానుల మాటలను, వారి మేలును వారి పొరపాటులను గూడ, వ్రాసి దాచవలయును. వారిలో అనేకులు తొంబదేండ్లకు దగ్గఱ నున్నారు. ఆలస్యమునకు వేళ లేదు. మూడు: మన యూరి ఉపకేంద్రమున నర్సమ్మ యున్నదో లేదో, రాత్రివేళ బండి వచ్చునో రాదో, మన వీథికే గాక ఊరి చివర వీథికిని ఆ సేవ యందుచున్నదో లేదో మనమే పోయి విచారింపవలయును. పూర్వము మనవారు పోని వీథికి ఇపుడు ముందుగా పోవుట మన ఋణము తీర్చుకొనుట.

మా నాయనమ్మ పెట్టెలోని బ్లేడు త్రుప్పుపట్టినది, సబ్బు కరగిపోయినది. పెట్టె మాత్రము మా యింట నున్నది. దానిని ఒక బాలిక చేతికిచ్చి, "దీనిని నీవు నింపుకొనుము" అని చెప్పు దినమునకై యెదురుచూచుచున్నాము.